తోకున్న మాటలు

"తోకుంది! టీచర్, దీనికి తోకుంది!"

పక్క గదిలోంచి ఆ అరుపు వినపడేసరికి ఖుద్సియా చేతిలో సుద్దముక్క ఆగింది. బోర్డు మీద 'కనికరం' అని రాసి, దాని పక్కన 'దయ' అని రాయబోతోంది. చాపల మీద కూర్చున్న ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలందరూ ఒక్కసారే గోడవైపు మెడలు తిప్పారు.

"ఇటు సూడుండ్రి," అంది.

చూశారు. చెవులు మాత్రం గోడ దగ్గరే ఉన్నాయి.

గోడకవతల సోని నాలుగు, ఐదు తరగతులకు పాఠం చెబుతోంది. పాత పెళ్లికార్డులను పట్టీలుగా కత్తిరించి, వాటిమీద స్కెచ్ పెన్నుతో మాటల ముక్కలు రాసింది. కిటికీ నుంచి తలుపుదాకా ఒక తాడు కట్టి, బట్టలకు పెట్టే క్లిప్పులతో ఆ ముక్కలను తగిలిస్తుంది. మాటకు ముందొచ్చే ముక్క తల. వెనకొచ్చే ముక్క తోక. 'వేట' పక్కన 'కాడు' తగిలిస్తే వేటకాడు. 'వేట' తీసేసి 'పాట' పెడితే పాటకాడు. తోక అక్కడే ఉంటుంది, ఒళ్లు మారుతుంది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి కొత్త ఒళ్లు వెతుకుతారు.

ఖుద్సియా 'దయ' అని రాసింది. గుండ్రంగా, ఒత్తుగా, అచ్చులో పోసినట్టుండే రాత ఆమెది. "పదిసార్లు రాయండి," అని కుర్చీలో కూర్చుంది.

ఇంటర్వెల్లో బాలి పరిగెత్తుకొచ్చింది. మూడేళ్లు ఖుద్సియా దగ్గరే చదివి, ఈ ఏడే నాలుగులోకి వెళ్లిన పిల్ల. రెండు జడలు, మోకాలి మీద మానిన దెబ్బ.

"టీచర్, బలవంతుడంటే బలం ఉన్నోడు. ధనవంతుడంటే ధనం ఉన్నోడు. గుణవంతుడంటే గుణం ఉన్నోడు. అన్నిటికీ ఒక్కటే తోక! మీరేమో ఒక్కోదాని అర్థం ఒక్కోసారి రాయించిన్రు."

ఆ పిల్ల ముఖంలో ఎత్తిపొడుపేమీ లేదు. దొరికిన వస్తువును తెచ్చి చూపించినట్టు చూపించింది, అంతే.

"మంచిది. పోయి నీళ్లు తాగు," అంది ఖుద్సియా.

సాయంత్రం తండా బడికి తాళం వేసి ఇద్దరూ స్కూటీ ఎక్కారు. ఖుద్సియాది బూర్గంపాడులో సొంత ఇల్లు. సోని కూడా ఆ ఊళ్లోనే కిరాయికి దిగింది. టీచర్ ట్రైనింగులో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. కారేపల్లి దగ్గర పనిచేస్తున్న సోనికి ఫోన్ చేసి, "ఈడ ఒక పోస్టు ఖాళీ ఉంది, రా, ఇద్దరం ఒక్క బండి మీద పోదం," అని ట్రాన్స్‌ఫర్ పెట్టించింది ఖుద్సియానే. బడిలో కొత్తగా కట్టిన గదిని సోనికిచ్చి, పాత గదిలోకి మారింది కూడా తనే.

జామాయిల్ తోటల మధ్య మట్టి దారి. వెనక కూర్చున్న సోని గాలికి ఎదురుగా గట్టిగా మాట్లాడుతోంది.

"బాలి అయితే పట్టుకున్న మాటను ఇడ్సిపెడ్తలేదు. చదవమంటే ముందు ముక్కలు జేస్తది, తర్వాత గడగడ చదువుతది. నీ దగ్గర మంచిగ పునాది పడ్డది గద, అందుకే."

"అవ్," అంది ఖుద్సియా.

ఆ పునాది మాట ఆమెకు రుచించలేదు. పునాదిని ఎవరు చూస్తారు? ఇల్లు చూసి పోతారు. బండి గుంతలో పడి లేచింది. సోని ఆమె భుజం పట్టుకుంది. తీసేయమని అనాలనిపించింది ఖుద్సియాకు.

బుధవారం శ్రీధర్ సార్ వచ్చాడు. చుట్టుపక్కల చిన్న బళ్లన్నీ చూసుకునే పెద్ద బడి హెడ్మాస్టరు ఆయన. వచ్చే వారం టీచర్లందరి మీటింగ్ ఉంది. అందులో ఎవరో ఒకరు అందరి ముందు పాఠం చెప్పి చూపాలి. తండా బడిలో మాటల పాఠం బాగుందని ఆయన చెవిన పడింది.

వరండాలో కుర్చీ వేసి, ఖుద్సియా ఫ్లాస్కులోంచి టీ పోసింది. బడి సంగతులన్నీ చెప్పింది. ఆయన వింటూ వింటూ నవ్వాడు.

"మీ తెలుగు వింటే ఎవరన్న ముస్లింలనుకుంటరా మేడం? ఎంత స్వచ్ఛంగ మాట్లాడుతరు!"

ఖుద్సియా నవ్వింది. ఈ మాట కోసం ఆమె దగ్గర ఒక నవ్వు ఎప్పుడూ తయారుగా ఉంటుంది. మెచ్చుకోలే అది. ఆయన మనసులో చెడు లేదు. అయినా ఆ మాట విన్న ప్రతిసారీ, ఎవరి ఇంట్లోనో పీట మీద కూర్చున్నదాన్ని 'కూర్చో, ఏం ఫరవాలేదు' అన్నట్టే ఉంటుంది.

సోని పాఠం చెప్పే గదిలోకి వెళ్లాక ఆయన ఖుద్సియాను మర్చేపోయాడు. తాడు కింద నిలబడి, చిన్నపిల్లాడిలా ఒక్కో పట్టీ తిప్పి చూశాడు. 'నిర్దోషి' అన్నాడు. బాలి క్లిప్పు తీసి తల విడగొట్టి, "దోషం లేనోడు," అంది. 'అన్యాయం' అన్నాడు. "అ అంటే కానిది. న్యాయం కానిది." 'అసత్యం' అన్నాడు. నలుగురు పిల్లలు ఒకేసారి అరిచారు.

"సోని మేడం, ఇది మీటింగ్‌ల అందరు చూడవలసిందే," అన్నాడు. సోని చీర కొంగును వేలికి చుట్టుకుంటూ తల వంచుకుంది. అప్పుడు ఆయనకు తలుపు దగ్గర నిలబడ్డ ఖుద్సియా గుర్తొచ్చింది. "మీరు గూడ ఒక మాట ఇయ్యండి మేడం. పిల్లలు ఎన్నడు చూడనిది."

'అశుభ్రం' ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే 'అసహనం' కూడా. రెండూ తేలిక. రెండింటికీ బాలి ఇట్టే చెప్తుంది, సార్ మళ్లీ నవ్వుతాడు, సోని మళ్లీ తల వంచుకుంటుంది.

బోర్డు మీద రాయొచ్చు. రాయలేదు. నోటితోనే అంది.

"అదనం."

బాలి ఒక్క క్షణం కూడా ఆగలేదు. "అ... ధనం. ధనం లేకపోవుడు. పైసల్లేకపోవుడు, సార్!"

శ్రీధర్ సార్ పెద్దగా నవ్వాడు. "అయ్యో బిడ్డా! బయట తలుపు మీద సూడలేదా? అదనపు తరగతి గది అని పెయింటు రాసి ఉంది. అంటే ఇది పైసల్లేని గదా? అదనమంటే ఎక్కువ ఉన్నది. నువ్వు తిరగేసి చెప్తివి గద!"

సార్ నవ్వాడు కాబట్టి పిల్లలూ నవ్వారు. "పైసల్లేని బాలి!" అన్నాడు వెనక నుంచి దేవ్లా. నవ్వు ఇంకా పెరిగింది. బాలి చెయ్యి తాడు మీదున్న క్లిప్పు మీదే ఉండిపోయింది. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో ఆ పిల్లకు తెలియలేదు.

సోని ఖుద్సియా వైపు చూసింది. ఒక్క చూపే. వెంటనే సార్ వైపు తిరిగి, "నాదే తప్పు సార్. ఇంకా అక్కడిదాకా పోలేదు," అంది.

"గదే మేడం, పద్ధతి మంచిదే గాని పిల్లలు ఏది పడితే అది కోస్తరు. ఇంకొన్ని రోజులు సూద్దాం. మీటింగ్‌ల ఖుద్సియా మేడమే చెప్పనీ. ఈ బడిల సీనియర్ గద."

ఖుద్సియా గొంతులోంచి ఏదో వెచ్చగా, తియ్యగా దిగింది. సార్‌ను గేటుదాకా సాగనంపి, ఆయన బండి మలుపు తిరిగేదాకా నిలబడింది. వెనక్కి తిరిగి చూస్తే బాలి వరండా చివర నిలబడి ఉంది. తలెత్తి తలుపు మీద అక్షరాలను చూస్తూ, వేలితో గాలిలో రాసుకుంటోంది. ఖుద్సియాను చూసి గదిలోకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం సోని పట్టీల సంచిని ఇద్దరి మధ్యా పెట్టుకుని బండెక్కింది.

మర్నాడు బాలి బడికి రాలేదు. పత్తి ఏరడానికి పోయిందన్నారు పిల్లలు.

ఖుద్సియా రెండో తరగతి వాళ్లకు గుణింతాలు ఇచ్చి కూర్చుంది. పక్క గది నిశ్శబ్దంగా ఉంటుందనుకుంది. తాడు విప్పేసి ఉంటుందనుకుంది. కాసేపటికి సోని గొంతు వినిపించింది.

"నిన్న మనల్ని మోసం జేసింది ఎవరు? చెవి! చెవికి ద, ధ ఒక్కతీరుగనే వినపడ్తయి. అందుకే ఏం జెయ్యాలె? రాసి సూడాలె. ఇగో, అ తీసేసిన. ఏం మిగిలింది?"

"దనం!"

"ధనంల ధకు ఒత్తుంటది. దీనికుందా?"

"లేదు!"

"ఒత్తు లేని దనం అని మాటుందా మనకు?"

"లేదు!"

"మిగిలింది మాట గాకుంటే?"

"కోయొద్దు!"

తర్వాత ఇక ఆట మొదలైంది. అరటి. రటి అని మాటుందా? లేదు, కోయొద్దు. అసలు. సలు ఉందా? కోయొద్దు. చందూలాల్ అనే పిల్లాడు లేచి, "అడవి టీచర్! డవి లేని చోటు అడవి!" అన్నాడు. గది గదంతా పడీ పడీ నవ్వింది. సోని కూడా నవ్వింది. ఖుద్సియా ముందున్న పిల్లలు కూడా ఏమిటో తెలియకుండానే నవ్వారు.

ఖుద్సియా గుణింతాల పలకను ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. చెడగొట్టడానికి తనిచ్చిన మాటనే సోని పాఠం చేసేసుకుంది. నిన్నటికంటే మంచి పాఠం. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో తన గదిలో ఒక్కనాడు ఇలాంటి నవ్వు వినిపించిందా? గుర్తు తెచ్చుకోబోయింది. పిల్లలు తనను చూసి భయపడటం గుర్తొచ్చింది, గౌరవించడం గుర్తొచ్చింది. గుండెలో ఒకచోట సన్నగా కాలుతూనే ఉంది.

ఆ మర్నాడూ బాలి రాలేదు. మధ్యాహ్నం అన్నాల దగ్గర సోని ఖుద్సియా పక్కన నిలబడి, మెల్లగా అంది.

"నిన్న అన్నాల యాళ్లకు చేనుకాడికి పోయిన. నన్ను జూసి చెట్లలకు ఉరికింది. నువ్ పోయిరా. మూడేండ్లు నీ దగ్గర సదివింది. నీ మాట ఇంటది."

ఖుద్సియా పళ్లెం కడిగి పెట్టి బయల్దేరింది.

తండా దాటితే చేన్లు. చేన్ల వెనక అడవి. పత్తి రెండో ఏరుడు నడుస్తోంది. బాలి తల్లి గోరి నడుముకు చీర ముక్కను ఒడిలా కట్టుకుని, రెండు చేతులతో చకచకా ఏరుతోంది. ఎండిన కాయల అంచులు ముళ్లలా ఉన్నాయి. పక్క సాల్లో బాలి. ఈసారి పారిపోలేదు, కానీ తల ఎత్తలేదు. వేళ్ల చివర్లు గీసుకుపోయి ఎర్రగా ఉన్నాయి.

"నేను రమ్మనలే మేడం," అంది గోరి నొచ్చుకుంటూ. "బడికి పొమ్మని కొట్టిన గూడ. ఇననే ఇనది."

ఖుద్సియా చెప్పులు గట్టు మీద విడిచి సాల్లోకి దిగింది. ఏం చెయ్యాలో తోచక తనూ ఒక కాయలోంచి పత్తి లాగింది. సగం వచ్చి సగం అందులోనే ఉండిపోయింది.

"రేపు రా బాలీ. సోని మేడం నీకోసం సూస్తున్నది."

"నాకు రాదు టీచర్."

"ఏం రాదు?"

"తెలుగు. మేం లంబాడోళ్లం గద. తెలుగు మాది గాదు. అందుకే నాకు తిరగేసి వచ్చింది."

ఖుద్సియా చెయ్యి కాయ మీద ఆగింది. ఆ పిల్ల ఏడవడం లేదు. ఇక్కడ నీడ ఉంది, అక్కడ ఎండ ఉంది అన్నంత మామూలుగా చెప్పింది. నువ్వు తప్పు చెప్పలేదు, నేనే తప్పు మాటిచ్చాను అనాలి. అనబోయింది. అనకుండా ఇంకో కాయలోంచి పత్తి లాగింది.

గోరి ఒడిలోని పత్తిని బస్తాలో పోస్తూ అంది. "మా అత్తకు పానం బాగలేదు మేడం. రేపు భద్రాచలం దవాఖానకు తీస్కపోవాలె. ఇది ఇంట్ల ఉంటే ఉండనీ, సోమవారం నుంచి తోలిస్త."

బాలి పెదవులు కదిలాయి. తనకు తెలియకుండానే అలవాటుగా. "దవా... ఖానా." మళ్లీ అనుకుంది. "దవా. ఖానా." ఆపుకోలేకపోయింది. "టీచర్, దవా అని మాటుందా?"

"ఉంది," అంది ఖుద్సియా. "మా ఇంట్ల మందును దవా అంటం."

"ఖానా?"

"ఇల్లు. ఉండే జాగ. మందుండే జాగ, దవాఖానా."

బాలి మొదటిసారి తలెత్తింది. "ఇది మీ మాటనా?"

"మా ఇంటి మాటనే."

"మరి తెలుగుల ఎట్లుంది?"

"ఎన్నడో వచ్చింది. ఈడనే ఉండిపోయింది."

బాలి చేతులు పత్తిని మర్చిపోయాయి. "కార్ఖానా గూడనా? కార్ అంటే?"

"పని. పని జేసే జాగ."

బాలి కనుబొమలు దగ్గరకొచ్చాయి. నోట్లోనే ఏదో తిప్పుకుంది. ఒక్కసారిగా, "యాడీ!" అని తల్లి వైపు అరిచి, మళ్లీ ఖుద్సియా వైపు తిరిగింది. "మా మామను అందరు బేకార్‌గాడంటరు టీచర్! దాంట్ల గూడ కార్ ఉంది!"

ఖుద్సియా నోరు తెరిచింది. బేకార్. కార్ఖానా. పుట్టినప్పటి నుంచి రెండు మాటలూ అంటూనే ఉంది. ఆ రెండింటిలో ఒకే ముక్క ఉందని ఎన్నడూ, ఒక్కనాడూ చూడలేదు.

"బే అంటే లేనిది," అంది. "పని లేనోడు."

"బే తల. కార్ ఒళ్లు. గాడు తోక!" బాలి ఎగిరింది. ఒడిలోని పత్తి కింద పడింది. "తల మీది, ఒళ్లు మీది, తోక తెలుగుది! టీచర్, ఇది సోని మేడంకు తెల్సా?"

"తెల్వదనుకుంట."

"నేనే చెప్త!"

గోరి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. "ఏమైంది దీనికి?" అంది. కూతురు అప్పటికే గట్టు దాటి బడివైపు పోతోంది. ఖుద్సియా వంగి, కిందపడ్డ పత్తిని మట్టి దులిపి గోరి ఒడిలో వేసింది.

మర్నాడు శనివారం. సోని స్వయంగా వచ్చి ఖుద్సియాను పిలిచింది. "పిల్లలు నన్ను అడుగుతున్నరు, నాకు రాదు. నువ్వే వచ్చి చెప్పు." చిన్న తరగతుల వాళ్లను కూడా తెచ్చి ముందు కూర్చోబెట్టింది.

ఖుద్సియా సుద్దముక్క తీసుకుంది. ఖానా అని రాసింది. దాని కింద దారు అని రాసి, ఉన్నోడు అని చెప్పింది. కిరాయిదారు, వాటాదారు, చౌకీదారు. పిల్లలు ఒక్కొక్కటే తెచ్చారు. బాలి లేచి, బేఖాతరులో బే ఉంది కదా అంది. గైర్హాజరులో గైర్ అంటే ఏమిటని చందూలాల్ అడిగాడు. కానిది, అంటే హాజరు కాకపోవడమని ఖుద్సియా చెబితే, రెండు రోజులు గైర్‌బాలి అని దేవ్లా అన్నాడు. ఈసారి అందరికంటే ముందు బాలే నవ్వింది. పిల్లలందరూ ఖుద్సియా వైపు తిరిగి ఉన్నారు. మొదటి వరుస పిల్లలు మోకాళ్ల మీద లేచి ముందుకు జరిగారు. ఆమె ఇంటి మాటలు, తల్లి నోట్లో, అత్త నోట్లో నలిగిన మాటలు పెళ్లికార్డుల వెనక ఎక్కి తాడు మీద ఊగుతున్నాయి. చేతులకు సుద్ద, ముఖానికి సుద్ద. గంట కొట్టే సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఒక పట్టీ కోసం తిరిగితే సోని కనిపించింది. కిటికీ దగ్గర నిలబడి మిగిలిన పట్టీలను దొంతి పెడుతోంది. పెట్టిన దొంతినే మళ్లీ పెడుతోంది. పెదవుల మీద నవ్వు ఉంది. ఆ నవ్వు పెదవులు దాటి పైకి పోలేదు.

ఆ ముఖాన్ని ఖుద్సియా గుర్తుపట్టింది. లోపలి నుంచి తెలిసిన ముఖం అది. ఒక్క క్షణం తియ్యగానే అనిపించింది, అబద్ధమెందుకు. ఆ తర్వాత సుద్దముక్క బరువెక్కింది.

"బాగ చెప్పినవ్," అంది సోని గంట కొట్టాక. ఎన్నోసార్లు తను సోనితో అన్న మాట, అదే పొడి గొంతు.

సాయంత్రం బండి స్టార్ట్ చెయ్యకుండా ఖుద్సియా హ్యాండిల్ పట్టుకుని నిలబడింది.

"సోనీ. అదనం నేను కావాల్ననే ఇచ్చిన."

"తెల్సు," అంది సోని.

"ఎట్ల?"

"అశుభ్రం ఉంది, అసహనం ఉంది. అన్ని ఇడ్సిపెట్టి దాన్ని పట్టినవ్. పైగా రాయలే. నోటితోని చెప్పినవ్. ఇన్నేండ్ల సంది తెలుగు చెప్తున్నదానివి, తెల్వక చేస్తవా?"

"మరి అడగలేదేం?"

"అడిగితే మాట మాట పెరుగుతది. రేపటి సంది ఆటోల పోవాలె." సోని నవ్వలేదు. "కోపమొచ్చింది. నాకోసం గాదు, ఆ పిల్ల కోసం. ఇయ్యాల బాలిని జూసినంక జర తగ్గింది. మొత్తం పోలే."

ఖుద్సియా చాలాసేపు తాళంచెవిని తిప్పుతూ ఉంది. "మీటింగ్‌ల నువ్వే చెప్పు. సార్‌కు నేను చెప్త."

"నువ్విస్తే నేను తీసుకోను." ఈసారి సోని గొంతులో పదును ఉంది. "నువ్వే చెప్పు. ఆ ఖానాలు, దారులు నాకు రావు. పొద్దున నువ్ చెప్తుంటే నా కడుపు ఎట్ల మండిందో నీకు తెల్వది."

"తెల్సు. సూసిన."

"సూసినవా?" సోని ముఖం ఎర్రబడింది. "సూస్తే సూసినవ్. మీటింగ్‌ల ముందు వరసల కూసుంట. మండనీ. ఈసారి నా వంతు."

బండి కదిలింది. జామాయిల్ తోటలు వచ్చాయి. గుంత దగ్గర సోని భుజం పట్టుకోలేదు, వెనక కడ్డీ పట్టుకుంది. మలుపు తిరిగాక ఆమె ముందుకు వంగింది. అడగాలని లేకపోయినా అడిగినట్టు అడిగింది.

"నాలాయకు అంటరు గద. దాంట్ల నా అంటే గూడ లేనిదేనా?"

"కానిది. లాయకు కానోడు."

"ఊఁ," అంది సోని. లోపల ఎక్కడో దాచుకున్నట్టు.

ఖుద్సియా రోడ్డు వైపే చూస్తోంది. సోనికి అక్కసు ఉంది, కోపం ఉంది. ఉన్నా అడిగింది. జూన్ నుంచి ఇదే బండి మీద, ఇదే దారిలో, రోజూ రెండు పూటలు తన వెనకే కూర్చున్న మనిషిని తను ఒక్క మాట అడిగిందా? గోడకు చెవి పెట్టి వింది. అడగలేదు.

బండి నెమ్మది చేసింది. గాలి తగ్గింది.

"సోనీ," అంది వెనక్కి తిరగకుండా. "మా మూడో తరగతోళ్లకు ఈ తోకల ఆట ఇప్పుడే మొదలువెట్టొచ్చా? పెడితే ఏ ముక్కతోని మొదలువెట్టాలె?"

వెనక సోని సర్దుకుని, కొంచెం దగ్గరగా జరిగి, చెప్పడం మొదలుపెట్టింది.